అక్క చేతికొచ్చిన ప్రతి

ఆ పళ్ళ ఆస్పత్రిలో నోళ్ళు చూసేది డాక్టరమ్మ, పళ్ళు చేసేది మేస్త్రి. ముందు గదిలో వాలు కుర్చీ, దాని మీద దీపం, పుక్కిలించి ఉమ్మడానికి గిన్నె ఉంటాయి. వెనక గదిలో ప్లాస్టర్ అచ్చులు, మైనం పలకలు, వేలెడంత మోటారు, అన్నిటి మీదా తెల్లటి పొడి. రెండు గదులకీ మధ్య ఉన్నది పల్చటి చెక్క గోడ. అవతల కుర్చీలో ఎవరు మూలిగినా ఇవతల మేస్త్రికి వినబడుతుంది. అతని పనికి అది మంచిదే. కట్టుడు పళ్ళు కొత్తగా పెట్టుకున్న మనిషి మాట ఎలా పలుకుతోందో వింటే, ఎత్తు ఎక్కడ ఎక్కువైందో, నాలుక ఎక్కడ తగులుతోందో సగం తెలిసిపోతుంది.

మొదటిసారే ఎవరికీ పళ్ళు సరిగ్గా కుదరవు. పెట్టుకుని వెళ్ళినవాళ్ళు వారం తిరక్కుండా దవడ పట్టుకుని వస్తారు. "ఇదిగో, ఇక్కడ ఒరుసుకుంటోంది" అంటారు. మేస్త్రి ఆ చోట పెన్సిలుతో గుర్తు పెట్టి, మోటారు తిప్పి, రవ్వంత అరగదీసి ఇస్తాడు. మళ్ళీ వస్తారు. మళ్ళీ అరగదీస్తాడు. వచ్చిన మనిషిని తప్పు పట్టకూడదు, నోరు వాళ్ళది. వాళ్ళు రావడం మానేసిన రోజున పని పూర్తయినట్టు. జుట్టు నెరిసేదాకా మేస్త్రి ఈ లెక్కనే బతికాడు. నవల అచ్చు వేసుకున్నప్పుడు కూడా ఇదే లెక్క పట్టుకు కూర్చోవడంతో కొంప మునిగింది.

నవల రాస్తున్న సంగతి చాలాకాలం భార్యకి తప్ప ఎవరికీ తెలీదు. భోజనాల వేళ ఆస్పత్రి ఖాళీ అయినప్పుడు, మైనం చల్లారేలోగా, అచ్చు గట్టిపడేలోగా, అలా ముక్కలు ముక్కలుగా రాశాడు. రాసి ప్రచురణకర్తలకి పంపితే ఒకరు జవాబే ఇవ్వలేదు. ఇంకొకరు పరిశీలిస్తున్నామన్నారు. ఆ పరిశీలన ఎంతకీ తెమల్లేదు. అతనికి అసలే నిలకడ తక్కువ, కూర్చుంటే కాలు ఊగుతూనే ఉంటుంది. సొంతంగా వేసుకుందామని తేల్చేసుకున్నాడు.

ఈ రోజుల్లో దానికి కట్టలకొద్దీ అచ్చు వేయించి మంచం కిందికి తోసుకోనక్కర్లేదు. ఇంటర్నెట్లో ఒక కంపెనీ ఉంది. పుస్తకం ఫైలు వాళ్ళ దగ్గర పెడితే, ఎవరైనా కావాలన్న రోజున ఒక్క ప్రతి అచ్చు వేసి వాళ్ళింటికి పంపుతారు. ఇంకొకరు అడిగితే ఇంకొకటి. పేజీలు అమర్చడం, అట్ట బొమ్మ, వెనక అట్ట మీద నాలుగు మాటలు, అన్నీ రచయితే చూసుకోవాలి. మేస్త్రి చూసుకున్నాడు. అట్ట మీద పసుపు రంగు వ్యాను బొమ్మ పెట్టాడు. తన పేరు ఒకటికి రెండుసార్లు పెద్దది చేసి, సిగ్గేసి మళ్ళీ చిన్నది చేశాడు.

మొట్టమొదటి ప్రతి ఇంటికి రాగానే భార్య చేతులు తుడుచుకుని అందుకుంది. ముందు బరువు చూసింది.

"ఇంతా చేసి ఇంతేనా? మీరు పడ్డ అవస్థకి ఇటుకంత ఉంటుందనుకున్నా."

"లోపల చూడవే."

"చూస్తా లెండి. ఎక్కడికి పోతుంది?"

చూసింది కూడా. మూడు మధ్యాహ్నాలు కూర్చుని పూర్తిచేసింది. ఆ తర్వాత మేస్త్రి ఆ ప్రతిని తీసుకెళ్ళి ఆస్పత్రిలో రోగులు కూర్చునే గదిలో, పాత వారపత్రికల పక్కన పెట్టాడు. నొప్పితో వచ్చినవాళ్ళు నాలుగు పేజీలు తిరగేస్తారు, పిలుపు రాగానే బోర్లించి వెళ్ళిపోతారు. అయినా అట్ట మాత్రం రోజూ అందరికీ కనబడుతుంది.

నవలలో కథ పెద్దదేం కాదు. బడి పిల్లల వ్యాను నడిపే ఒక ఆవిడ. పొద్దున పిల్లల్ని దింపుతుంది, మధ్యాహ్నం ఎక్కించుకుంటుంది. ఇంట్లో అత్తగారు, మొగుడు, పెళ్ళయి వెళ్ళిన కూతురు. ఒకరోజు పొద్దున పిల్లల్ని దింపాక ఇంటికి తిరగాల్సిన సందు దగ్గర ఆవిడ తిరగదు. తిన్నగా పోతుంది. ఊరు దాటుతుంది, వంతెన దాటుతుంది. పిల్లలు కనబడేలా వంచి పెట్టుకున్న అద్దాన్ని సరిచేసుకుంటుంది. అక్కడితో నవల అయిపోతుంది.

మేస్త్రికి ఒక అక్క ఉంది. ఆవిడ నడిపేది బడి పిల్లల వ్యానే.

రాయడం మొదలుపెట్టినప్పుడు ఇందులో దాపరికం ఏముంది, ఊళ్ళో ఇలాంటి వ్యాన్లు ఎన్ని లేవు అనుకున్నాడు. కానీ అతనికి తెలుసు. ఎప్పుడో ఒకసారి అక్క పక్కన ముందు సీట్లో కూర్చుని వస్తుంటే, ఆ సందు దగ్గర బండి నెమ్మది చేస్తూ అక్క అంది: "ఒక్కోసారి ఇక్కడ తిప్పకుండా తిన్నగా పోతే ఎలా ఉంటుందా అనిపిస్తుందిరా." అని నవ్వేసి తిప్పేసింది. ఆ మాట ఆవిడ బావతో అనలేదు, కూతురితో అనలేదు. తమ్ముడి దగ్గర నోరు జారింది. తమ్ముడు దాన్ని తీసుకెళ్ళి నవల చేసి ఊరికి అమ్మకానికి పెట్టాడు. అందుకే అక్కకి పుస్తకం ఇవ్వలేదు. అడిగితే "ఇంకా రాలేదక్కా" అన్నాడు. రెండోసారి అడిగితే "అందులో ఏముందిలే" అన్నాడు. మూడోసారి ఆవిడ అడగలేదు.

ఆ కంపెనీ రచయితలకి ఒక సౌకర్యం ఇచ్చింది. అమ్మకం మొదలయ్యాక కూడా ఫైలు మార్చుకోవచ్చు. ఎక్కడైనా అచ్చుతప్పు దొర్లితే దిద్దుకోడానికి పెట్టారు. దిద్దిన మర్నాటి నుంచి అచ్చయ్యే ప్రతులు కొత్తవి. మేస్త్రి చేతికి ఇలాంటి సౌకర్యం దొరకడమంటే మాటలా?

మొదటి ఫిర్యాదు ఇంట్లోంచే వచ్చింది.

"అంతా బాగానే ఉంది గానీ," అంది భార్య, "ఆ ముసలావిడకి మధ్యాహ్నం మందులు ఎవరిస్తారు? ఈవిడ బండేసుకుని పోయె."

"అది కథ కదే."

"కథైతే మాత్రం బీపీ ఆగుతుందా?"

మేస్త్రి ఆ రోజంతా గొణుక్కున్నాడు. మర్నాడు కూర్చుని, వెళ్ళేముందు ఆవిడ మందుల డబ్బా అత్తగారి మంచం దగ్గర పెట్టినట్టు ఒక వాక్యం చేర్చాడు. తర్వాత రిసెప్షన్లో కూర్చునే అమ్మాయి తనూ ఒకటి తెప్పించుకుంటానంది. ఊరికే ఉండలేక మేస్త్రి ఆమెకి ముగింపు ముందే చెప్పేశాడు. "అయ్యో, కూతురికి ఫోనైనా చేయొచ్చుగా సార్, ఎంత కంగారు పడుతుంది" అంది. ఫోన్ చేయించాడు. ఫోన్ చేశాక కూతురు ఊరుకోదు కదా, రమ్మంటుంది. వ్యాను కూతురింటి ముందు ఆగింది. పళ్ళు సవరించుకోడానికి వచ్చే రిటైర్డ్ మేనేజరుగారూ ఒక ప్రతి తెప్పించుకుని చదివి, ఇంటికి ఫోన్ చేశారు. "అందరినీ చూసుకున్నారు, బడి పిల్లల్ని మర్చిపోయారు. మధ్యాహ్నం వాళ్ళని ఎవరు ఇంటికి చేరుస్తారండీ? ఇది బాధ్యత లేని రాత. రెండో ముద్రణలోనైనా దిద్దండి, ఇంకో ప్రతి మా మనవరాలికి కొంటాను." మేస్త్రి మర్నాడే దిద్దాడు. ఇప్పుడు ఆవిడ వంతెన దాకా వెళ్ళి, కాసేపు నీళ్ళు చూసి, పిల్లల వేళకి వెనక్కి వచ్చేస్తుంది. వాళ్ళని దింపి ఇంటికి చేరుతుంది. అత్తగారు మంచినీళ్ళు ఇస్తుంది. అందరూ కలిసి భోంచేస్తారు.

దిద్దిన ప్రతిసారీ ఒక పూట హాయిగా ఉండేది. సాయంత్రానికి మళ్ళీ కాలు ఊగేది. ఇంకెవరికి ఎక్కడ ఒరుసుకుంటోందో అని. అక్క ఎప్పుడైనా చదివితే, ఇలా ఇంటికొచ్చేసిన కథే చదవాలి అన్న లెక్క కూడా లోపల ఒకటి ఉంది. ఆ లెక్క భార్యకి చెప్పలేదు.

"పుస్తకానికి ఉన్న పళ్ళు కూడా పీకేసేలా ఉన్నారు" అంది ఆవిడ, అతన్ని మళ్ళీ కంప్యూటరు ముందు చూసి.

పాత ఫైలు దాచాలన్న ఆలోచనే అతనికి రాలేదు. ఒకే ఫైలు, దాని మీదే దిద్దుబాట్లు. అరగదీసిన పొడిని ఎవరు దాచుకుంటారు?

గొడవ ఒక సోమవారం పొద్దున్న బయటపడింది. మేస్త్రి వెనక గదిలో ఎవరిదో కింది దవడ సెట్టు నున్న చేస్తున్నాడు. బయట బల్ల మీద మేనేజరుగారూ, వీధి చివర టైలరమ్మా తమ వంతు కోసం కూర్చున్నారు. ఇద్దరూ పార్కులో నడక స్నేహితులు. ఇద్దరి చేతా పుస్తకం కొనిపించింది మేస్త్రే.

"పోన్లెండి, చివరికి ఇంటికొచ్చేసింది. మా మనవరాలి పుస్తకంలో చదివాక నాకు మనసు కుదుటపడింది" అన్నారు మేనేజరుగారు.

"ఎవరొచ్చారు?"

"ఆవిడే. వ్యానావిడ."

"ఎక్కడొచ్చిందండీ బాబూ? వెళ్ళిపోయింది! అద్దం సరిచేసుకుని మరీ వెళ్ళిపోయింది. రెండ్రోజులు నాకు మిషను మీద కాలు ఆడలేదు."

"మీరు చివరి పేజీలు చదివి ఉండరు."

"మీరు నిద్రలో చదివి ఉంటారు."

రిసెప్షన్ అమ్మాయి తల ఎత్తింది. "ఇద్దరూ తప్పే. ఆవిడ కూతురింటికి వెళ్ళింది. ముందు ఫోన్ కూడా చేసింది. నా దగ్గరుంది పుస్తకం, చూపించమంటారా?"

ముగ్గురూ చెక్క గోడ వైపు తిరిగారు. గోడ వెనక మోటారు ఆగిపోయింది.

"మేస్త్రిగారూ, ఒకసారి ఇలా దయచేయండి" అన్నారు మేనేజరుగారు.

మేస్త్రి చేతులకి పొడితోనే వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. సంగతి విన్నాడు. "ముగ్గురిదీ కరెక్టేనండీ" అన్నాడు నేల చూస్తూ.

"ఇదేమన్నా హోటలా, ఎవరికి నచ్చింది వాళ్ళకి వడ్డించడానికి?"

"మీరే కదండీ ఫోన్ చేసి బాధ్యత లేదన్నారు..."

"నేను సవాలక్ష అంటాను. అంటే మార్చేస్తారా? నన్నడిగి రాశారా మొదట?"

టైలరమ్మ పగలబడి నవ్వింది. పంటి నొప్పికి నోట్లో పెట్టుకున్న దూది అడ్డం పడి దగ్గొచ్చింది. మేస్త్రి చెవులు ఎర్రబడ్డాయి. లోపలికి పోబోతుంటే రిసెప్షన్ అమ్మాయి మామూలుగా అంది: "మరి మీ అక్కగారికి వీటిల్లో ఏది వచ్చిందో."

"అక్కకా?"

"మొన్న కొలత ఇవ్వడానికి వచ్చినప్పుడు సంచిలో చూశాను సార్. పసుపు వ్యాను."

అక్కకి చిగుళ్ళ జబ్బు వచ్చి పై వరస మొత్తం తీయించేశారు. కొత్త సెట్టు అతనే చేస్తున్నాడు. కొలత రోజున ఆవిడ వచ్చి, కూర్చుని, నోరు తెరిచి, మూసి, వెళ్ళిపోయింది. పుస్తకం మాట ఎత్తలేదు. కూతురి చేత తెప్పించుకుని ఉంటుంది. ఎప్పుడు తెప్పించుకుంది? ఏ దిద్దుబాటుకి ముందు? కంపెనీ వాళ్ళ పేజీలో ఏ రోజు ఎన్ని ప్రతులు పోయాయో తెలుస్తుంది తప్ప ఎవరికి పోయాయో తెలీదు. వెనక గదిలో కాలు కాలిన పిల్లిలా తిరిగాడు. మొదటిది గనక అక్కకి అంది ఉంటే, తన నోట వచ్చిన మాట తనకే అచ్చులో ఎదురవుతుంది. బావ చూస్తే ఇంకేమైనా ఉందా?

మర్నాడు భోజనం మానేసి బడి దగ్గరికి వెళ్ళాడు. గోడ నీడలో వ్యాన్లు వరసగా నిలబడి ఉన్నాయి. అక్క తన బండిలో డ్రైవరు సీట్లోనే కూర్చుని ఉంది, నోటికి చేతి రుమాలు అడ్డం పెట్టుకుని. బోసినోరు పిల్లలు చూస్తే నవ్వుతారని ఆవిడ ఈ మధ్య రుమాలు తీయడం లేదు.

"ఏరా, ఇలా ఊడిపడ్డావ్?"

"ఊరికే. ఇటు పనుండి."

"నీకు ఇటు పనేముంది? ఇక్కడున్నవాళ్ళందరికీ పాలపళ్ళేగా."

సీటు పక్కన సందులో పసుపు అట్ట కనబడుతోంది. మధ్యలో బస్సు టికెట్టు గుర్తుగా పెట్టి ఉంది. ముప్పావు వంతు అయినట్టుంది. మేస్త్రి మాటల్లో పెట్టి చెయ్యి అటు పోనిచ్చాడు. అక్క చెయ్యి ఠపీమని పడింది.

"తీయకు. గుర్తు పోతుంది."

"అది కాదక్కా, అందులో అచ్చుతప్పులు చాలా ఉన్నాయి. ఇది ఇచ్చెయ్, మంచి ప్రతి తెచ్చిస్తా."

"ఉండనీరా తప్పులు. నువ్వు తప్పుల్లేకుండానే పెరిగావా?"

ఇంక ఏమంటాడు? చివరి పేజీ ఒక్కసారి చూడనీ అని అడగొచ్చు. అడిగితే ఎందుకంటుంది. బండి తలుపు పట్టుకుని కాసేపు నిలబడి, ఎండ గురించి ఒక మాట అని వచ్చేశాడు.

అక్క మైనం సెట్టు చూసే రోజు వచ్చింది. అసలు సెట్టు పోసేముందు పళ్ళని మైనంలో నిలబెట్టి నోట్లో పెట్టి చూస్తారు. మాట ఎలా వస్తోందో చూడ్డానికి డాక్టరమ్మ ఏదో ఒకటి పైకి చదవమంటుంది. మామూలుగా ఆ రోజు పేపరు చేతికిస్తుంది. ఇవతల మేస్త్రి పని ఆపి వింటాడు.

"ఇదిగో అమ్మా, ఈ వార్త చదవండి" అంది డాక్టరమ్మ గోడ అవతల.

"నా దగ్గరుంది లెండి చదవడానికి."

సంచి జిప్పు చప్పుడు. పేజీలు తిరిగిన చప్పుడు. మేస్త్రి స్టూలు మీంచి లేచాడు. మళ్ళీ కూర్చున్నాడు. మళ్ళీ లేచి గోడకి చెవి ఆనించినంత పని చేశాడు.

అక్క గొంతు సవరించుకుని చదివింది. "ఆమె వంతెన దగ్గర కాసేపు ఆగి నీళ్ళను చూసింది. తర్వాత గడియారం చూసుకుంది. పిల్లల వేళవుతోంది."

మెత్త చేసిన కథే. చిట్టచివరి దిద్దుబాటే అక్క చేతికి వచ్చింది. మేస్త్రి గోడకి చేరగిలబడ్డాడు. ఇదే కదా కావాలనుకున్నది.

అక్క చదువుతూ పోయింది. అత్తగారు మంచినీళ్ళు ఇచ్చింది. అందరూ కలిసి భోంచేశారు. మాట శుభ్రంగా వస్తోంది, ఒక్క అక్షరం జారడం లేదు. కానీ మేస్త్రి గోడ వదిలి నిటారుగా నిలబడ్డాడు. రోజూ ఎవరెవరి నోళ్ళలోంచో పేపర్లో వార్తలు వింటాడు, గుంతలు పూడ్చారని, కుళాయి పని ముగిసిందని. ఇది కూడా అలాగే ఉంది. గుంత పూడ్చేశారు.

"బాగా పలుకుతున్నారమ్మా. ఎక్కడైనా ఇబ్బందిగా ఉందా?"

"పళ్ళు బాగానే ఉన్నాయి. మా తమ్ముణ్ణి పిలవండి."

మేస్త్రి వెళ్ళి కుర్చీ పక్కన నిలబడ్డాడు. అక్క రుమాలు తీసేసి ఉంది. మైనంలో నిలబెట్టిన పళ్ళతో చాలా రోజుల తర్వాత ముఖం నిండుగా కనబడుతోంది.

"ఇది నువ్వే రాశావా?"

"నేనే అక్కా."

"అబద్ధం. నువ్వు చిన్నప్పుడు నాతో చెప్పిన అబద్ధాలే దీనికన్నా బాగుండేవి."

డాక్టరమ్మ మొహం తిప్పుకుని పనిముట్లు సర్దసాగింది.

"టైలరమ్మ దగ్గరున్న పుస్తకంలో ఆవిడ వెళ్ళిపోయిందటగా. పార్కంతా చెప్పుకుంటున్నారు. అది నిజమేనా?"

"మొదట అలా రాశా. తర్వాత..."

"తర్వాత ఏం? వాళ్ళందరికీ గట్టిది పెట్టి నాకు మెత్తది పెట్టావేంరా? నాకు పళ్ళు లేవనా?"

అక్క ముక్కుపుటాలు అదురుతున్నాయి. చిన్నప్పుడు అతను గోడ దూకి పారిపోయి చీకటి పడ్డాక ఇంటికొస్తే గుమ్మంలో నిలబడినప్పుడూ ఇలాగే ఉండేది.

"నువ్వు బాధ పడతావని" అన్నాడు చివరికి. "ఆ సందు దగ్గర నువ్వన్న మాట..."

"నేనన్న మాట నాకు గుర్తులేదా? దాన్ని తీసుకున్నావు, సరే. తీసుకున్నవాడివి దాంతో ఏదో ఒకటి చేస్తావనుకున్నా. నీళ్ళు చూపించి ఇంటికి తోలుకొచ్చావు. ఆ మాత్రం నేను రోజూ వస్తూనే ఉన్నాగా." పుస్తకం సంచిలో పడేసింది. "ఆ మొదటిది ఇవ్వు."

అప్పుడు వెలిగింది మేస్త్రికి. మొదటిది లేదు. ఫైల్లో దాని ఆనవాలు కూడా లేదు. కంపెనీ వాళ్ళు కొత్తది పెట్టగానే పాతది తీసేస్తారు. టైలరమ్మ తన ప్రతిని ఎవరో చుట్టాలకి ఇచ్చేసిందట. అతని చూపు తలుపులోంచి బయటి బల్ల మీదికి పోయింది. పాత వారపత్రికల పక్కన, మూలలు నలిగి, అట్ట మీద ఎవరిదో కాఫీ మరకతో, మొట్టమొదటి ప్రతి.

అక్క కూడా అటే చూసింది. మైనం పళ్ళు తీసి డాక్టరమ్మ చేతిలో పెట్టి, రుమాలు అడ్డం పెట్టుకుని, నేరుగా వెళ్ళి దాన్ని తీసి చంకలో పెట్టుకుంది.

"అక్కా, అదొక్కటే ఉంది. చూసి తిరిగి టైపు చేసుకోవాలి. ముందు నన్ను..."

"చదివి ఇస్తా. అప్పటిదాకా దేన్నీ ముట్టుకోకు."

ఆ తర్వాత మేస్త్రికి వచ్చిన కష్టం ఎవరికీ చెప్పుకునేది కాదు. చేతిలో అరగదీయడానికేమీ లేదు. పళ్ళ పని ఉంది, కానీ చెయ్యి అటు, మనసు ఇటు. కంప్యూటరు తెరుస్తాడు, ఆ భోజనాల వాక్యం చూస్తాడు, మూసేస్తాడు. అక్క చదివేది బడి గోడ నీడలో, పొద్దుటి ట్రిప్పుకీ మధ్యాహ్నం ట్రిప్పుకీ మధ్య. తొందర ఆవిడ ఒంట్లో లేదు. అసలు సెట్టు పోసి, పాలిష్ పెట్టి, అతనే తీసుకెళ్ళి ఇంట్లో ఇచ్చాడు. అక్క పెట్టుకుని, అద్దంలో చూసుకుని, "ఆ" అంది. పుస్తకం ఊసెత్తలేదు. అతనూ ఎత్తలేదు.

ఒకరోజు బావ ఫోన్ చేశాడు. "ఏమోయ్, ఏం రాశావు అందులో? మీ అక్క అన్నం పళ్ళెం ముందు పెట్టుకుని కూడా అదే చూస్తోంది. పిలిస్తే పలకదు."

"ఏం లేదు బావా, కథ."

"కథైతే నాకూ చెప్పు. నేనూ పలక్కుండా కూర్చుంటా."

మేస్త్రి ఏదో నసిగి పెట్టేశాడు. ఆ పూట ఒక పెద్దాయన సెట్టు మీద చెయ్యి జారి ఎక్కువ అరిగిపోయింది. మళ్ళీ మొదట్నుంచీ చేయాల్సి వచ్చింది. డాక్టరమ్మ ఏమీ అనలేదు గానీ, పిడకలా ముఖం పెట్టుకు తిరగొద్దని రిసెప్షన్ అమ్మాయి చేత చెప్పించింది.

కబురు చివరికి అక్క దగ్గర్నుంచే వచ్చింది. "నీ కంప్యూటరు తీసుకుని బడి దగ్గరికి రా."

వెళ్ళాడు. అక్క బండి వరసలో చివర్న ఉంది. రుమాలు లేదు. పుస్తకం స్టీరింగు మీద బోర్లించి ఉంది.

"చదివావా?"

"ఎక్కు."

"ఇస్తే ఇంటికెళ్ళి టైపు చేసుకుంటా కదా."

"నీ చేతికిస్తే ఇల్లు చేరేలోపు సగం అరగదీస్తావు. ఇది నా దగ్గరే ఉంటుంది. నేను చదువుతా, నువ్వు కొట్టు."

ముందు సీట్లో ఆవిడ సంచీ, నీళ్ళ సీసా ఉన్నాయి. తీయలేదు. మేస్త్రి వెనక పిల్లల సీట్లో కూర్చోవాల్సి వచ్చింది. మోకాళ్ళు గడ్డానికి తగులుతున్నాయి. ఒళ్ళో కంప్యూటరు, పాదాల కింద ఎవరో పారేసిన పెన్సిలు చెక్కులు. పాత ముగింపు మొదలయ్యే చోట నుంచి అక్క చదవడం మొదలుపెట్టింది. కొత్త పళ్ళతో గొంతు కొంచెం గట్టిగా, కొంచెం పరాయిగా వస్తోంది. అతను వాక్యం వెంట వాక్యం కొడుతున్నాడు. తన మాటలే, చెప్పించుకుని రాస్తున్న బడిపిల్లాడిలా.

ఒకచోట వేళ్ళు ఆగాయి. ఆ మాట బాగాలేదనిపించింది. ఇంకొంచెం...

"ఏం, మారుస్తున్నావా?"

"లేదక్కా."

"చప్పుడు ఆగింది."

"వేళ్ళు నొప్పి."

"నొప్పితోనే కొట్టు."

అతను కొట్టాడు. కథలో ఆవిడ ఊరు దాటింది. వంతెన దాటింది. రోడ్డు పక్కన టీ కొట్టు దగ్గర ఎవరో, ఎవరి తాలూకమ్మా అని అడిగారు. ఆవిడ గ్లాసు పెట్టేసి బండెక్కింది. అక్క చదువుతోంది.

"పిల్లలు కనబడేలా ఇన్నేళ్ళూ వంచి పెట్టుకున్న అద్దాన్ని ఆమె సరిచేసుకుంది. ఇప్పుడు అందులో రోడ్డు మాత్రమే ఉంది."

మేస్త్రి కొట్టడం అయిపోయింది. అయినా అక్క ఆ వాక్యాన్ని ఇంకోసారి చదివింది, ఈసారి కొంచెం నెమ్మదిగా. అతను కొట్టలేదు, కొట్టడానికి చదవడం లేదని తెలుస్తోంది. తల ఎత్తి చూశాడు. బండి ముందు అద్దంలో, కిందికి వంచి ఉన్న అద్దంలో, అక్క కళ్ళు కనబడ్డాయి. ఆవిడ అతన్ని చూడటం లేదు. అతని వెనక వరసలు వరసలుగా ఉన్న చిన్న చిన్న సీట్లని చూస్తోంది.

ఎలా ఉంది అని అడుగుదామనుకున్నాడు. ఎక్కడైనా ఒరుసుకుందా అని నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాడు.

"అయిందా?" అంది అక్క.

"అయింది."

"పెట్టెయ్ కంపెనీ వాళ్ళ దగ్గర. నా ఎదురుగా పెట్టు."

ఫోన్లోంచి నెట్టు తీసుకుని, అక్కడే, మోకాళ్ళ మీద పెట్టేశాడు. పాతదాని స్థానంలో ఇంకా పాతది వెళ్ళి కూర్చుంది. అక్క పుస్తకం మూసి డాష్‌బోర్డు అరలో పెట్టి, అరకి తాళం వేసింది.

"ఇంక దిగు. పిల్లలొచ్చే వేళైంది."

మేస్త్రి దిగి తలుపు వేశాడు. చొక్కాకి అంటిన పెన్సిలు పొట్టు దులుపుకుంటూ నిలబడ్డాడు. అక్క బండి స్టార్టు చేసింది. వరసలోంచి బయటికి తీసింది. బడి గేటు ఎడమవైపు ఉంది, తిన్నగా పోతే పెద్ద రోడ్డు. మలుపు దగ్గర బండి నెమ్మదించి ఆగింది. వెనక ఎవరో హారన్ కొట్టారు. అయినా కదల్లేదు.

మేస్త్రి రెండడుగులు ముందుకి వేసి ఆగాడు.

తర్వాత పసుపు వ్యాను ఎడమకే తిరిగింది. అది పూర్తిగా తిరిగి, గేటు లోపలికి పోయేదాకా అతను అక్కడే నిలబడి చూశాడు.